సెల్లార్ పిల్లర్ పసుపు పెయింట్ కారు నల్ల ప్లాస్టిక్‌కి అంటుకుంటే

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పార్కింగ్ బాగా ఇరుకు. పోయిన ఆదివారం రివర్స్ తీస్తుంటే కారు ఎడమవైపు వెనక చక్రం మీదుండే నల్ల ప్లాస్టిక్ పిల్లర్‌కి రాసుకుంది. పిల్లర్‌కి పసుపు, నలుపు పట్టీలు వేసి ఉన్నాయి. జానెడున్నర పొడవున పసుపు రంగు అంటుకుంది. మధ్యలో రెండు మూడు తెల్లటి గీతలు కూడా పడ్డాయి. బాడీ పెయింట్‌కి ఏమీ కాలేదు. వాటర్ వాష్ కుర్రాడు ఏదో పాలిష్ పెట్టి గట్టిగా రుద్దాడు. పసుపు పోలేదు సరికదా, చుట్టూ తెల్లటి మరకలు మిగిలాయి. థిన్నర్ పెట్టి తుడిస్తే క్షణంలో పోతుందని పక్క ఫ్లాట్ ఆయన అంటున్నారు. పెట్టొచ్చా? ఇంట్లోనే తీసే పద్ధతి ఉంటే చెప్పండి. ఆ ముక్కే మార్చాల్సి వస్తే ఇన్సూరెన్స్ ఇస్తారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: థిన్నర్ పెట్టకండి. మీరు రాసినదాన్ని బట్టి ఆ పసుపు రంగు ఇంట్లోనే, ఒక పూట ఓపిగ్గా కూర్చుంటే దాదాపు పూర్తిగా పోతుంది. అయితే మీ కారు మీద ఇప్పుడున్నవి మూడు వేర్వేరు ఇబ్బందులు: పైన అంటుకున్న పసుపు పెయింట్, ప్లాస్టిక్‌కే పడిన తెల్ల గీతలు, పాలిష్ వల్ల వచ్చిన మరకలు. మూడింటికీ మందు ఒకటే అనుకుని ఒకే సీసాతో రుద్దడం వల్లనే చాలా కార్ల క్లాడింగ్ (బాడీ అంచులకి బిగించే ఈ నల్ల ప్లాస్టిక్) పాడవుతుంది.

ముందు ఆ ప్లాస్టిక్ ఏమిటో తెలియాలి. చక్రాల మీద, బంపర్ కింది భాగంలో, తలుపుల కింద ఉండే గరుకు నల్ల ప్లాస్టిక్ ఎక్కువ కార్లలో పాలీప్రొపిలీన్. దెబ్బకి పగలకుండా అందులో కొంచెం రబ్బరు, గట్టిదనానికి టాల్క్ పొడి కలుపుతారు. నలుపు రంగు పైన పూసింది కాదు, ప్లాస్టిక్‌లోనే కలిసి ఉంటుంది. అంటే బాడీకి ఉన్నట్టు దానిమీద పెయింట్ పొర, ఆ పైన ఉండే పారదర్శక పూత (క్లియర్ కోట్) లాంటివేమీ ఉండవు. ఈ పాలీప్రొపిలీన్‌కి ఒక గుణం ఉంది: దానికి ఏదీ సరిగ్గా అతుక్కోదు. బంపర్‌కి రంగు వేయాలంటే కంపెనీలో ముందుగా మంటతో ఉపరితలాన్ని సిద్ధం చేయాలి, లేదా పట్టు కోసం ప్రత్యేకమైన ప్రైమర్ కొట్టాలి. అవేమీ లేకుండా పిల్లర్ మీది పెయింట్ మీ క్లాడింగ్‌కి నిజంగా అతుక్కునే అవకాశం లేదు. రాపిడిలో పుట్టిన వేడికి, ఒత్తిడికి అది పొడిపొడిగా, పొరలుగా ఊడి వచ్చి ప్లాస్టిక్ గరుకులోని సన్నటి గుంటల్లో ఇరుక్కుంది, అంతే.

పసుపు పోతుందని చెప్పడానికి ధైర్యం అక్కడి నుంచే వచ్చింది. జాగ్రత్తగా తీయమనడానికి కారణమూ అదే. ఆ ప్లాస్టిక్ అందమంతా దాని గరుకులో ఉంది. ఇసుక కాగితం, ఆకుపచ్చ స్క్రబ్ ప్యాడ్, స్టీల్ పీచు, రబ్బింగ్ కాంపౌండ్, టూత్‌పేస్ట్ – వీటిలో ఏది పెట్టి రుద్దినా గుంటల్లోని పెయింట్ అలాగే ఉంటుంది, చుట్టూ ఉన్న మిట్టలు మాత్రం అరిగిపోతాయి. అరిగిన చోట నున్నగా, మెరుస్తూ ఒక మచ్చ మిగులుతుంది. దాన్ని వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు. పెయింట్ చుక్క ఈ రోజు పోకపోతే రేపు పోతుంది. గరుకు పోతే ముక్క మార్చుకోవడమే. కాబట్టి మొదటి నుంచి చివరిదాకా మన పని మిట్టల్ని ముట్టుకోకుండా గుంటల్లోది పైకి లాగడం.

థిన్నర్ ఎందుకు వద్దంటున్నామో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ సలహా మీకు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. పెయింట్ షాపుల్లో దొరికే థిన్నర్‌లో సాధారణంగా టోలుయిన్, దానితోపాటు మరికొన్ని ఘాటైన ద్రావకాలు ఉంటాయి. టోలుయిన్ పాలీప్రొపిలీన్‌లోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది, పై పొర రూపు మారిపోతుంది. ఆరాక ఆ చోటు పాలిపోయినట్టో, జిడ్డుగా మెరుస్తున్నట్టో విడిగా కనిపిస్తుంది. ఇంకో చిక్కు దీనికంటే తరచుగా వస్తుంది. థిన్నర్ పసుపు పెయింట్‌ని పల్చటి నీళ్లలా చేస్తుంది, గుడ్డతో తుడిచేకొద్దీ ఆ పసుపు నీళ్లు చుట్టుపక్కల గుంటలన్నిట్లోకీ పాకుతాయి. జానెడున్నర గీత కాస్తా అరచేయి వెడల్పు పసుపు మబ్బు అవుతుంది. ఇక ఒక్క చుక్క పక్కకి జారితే బాడీ మీది క్లియర్ కోట్ మెత్తబడుతుంది, వెనక లైటు అద్దానికి తగిలితే అందులో వెంట్రుకల్లాంటి పగుళ్లు పుడతాయి. గోళ్ల రంగు తీసే ఎసిటోన్‌నీ ఈ కారణాలతోనే దూరంగా పెట్టండి. పెట్రోల్ మాట ఎత్తవద్దు. మూసి ఉన్న సెల్లార్‌లో దాని ఆవిరి నేలబారున పాకి ఎక్కడో ఉన్న నిప్పుని అందుకుంటుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష. చేయి పెట్టి క్లాడింగ్ లోపలి అంచు తడమండి, వీలైతే ఫోన్ టార్చ్ వేసి చూడండి. చాలా ముక్కల వెనక బాణం గుర్తుల మధ్య ప్లాస్టిక్ పేరు పోతపోసి ఉంటుంది. పీపీ (పాలీప్రొపిలీన్) అనో, పీపీతో మొదలయ్యే అక్షరాలో ఉంటే కింద చెప్పినదంతా నిశ్చింతగా చేయవచ్చు. ఏబీఎస్ (ఇంకో రకం ప్లాస్టిక్) అని ఉంటే సబ్బు, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) దగ్గరే ఆగిపోండి, అంతకంటే ఘాటైనది ఏదీ వద్దు. అక్షరాలు కనిపించకపోయినా సరే, వాడబోయే ప్రతి ద్రవాన్నీ ముందుగా చక్రం గూటి లోపలి అంచున, బయటికి కనిపించని చోట, ఒక రూపాయి బిళ్లంత మేర రాసి నిమిషం తర్వాత తుడిచి చూడండి. గుడ్డకి నలుపు అంటినా, ప్లాస్టిక్ జిగురుగా తగిలినా ఆ ద్రవం పక్కన పెట్టేయండి. గుడ్డకి కొంచెం బూడిద రంగు రావడం మామూలే, అది పాత మురికి, పాత డ్రెస్సింగ్ (ప్లాస్టిక్ నల్లగా కనబడటానికి రాసే పూత).

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. కారు షాంపూ, గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి కుచ్చున్న టూత్‌బ్రష్‌లు రెండు, మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగైదు, దూది పుల్లలు, పెయింటర్లు వాడే మాస్కింగ్ టేప్, పనికిరాని ఏటీఎం కార్డు, పెన్సిల్ గీతలు చెరిపే తెల్ల రబ్బరు, చేతులకి నైట్రైల్ తొడుగులు. ద్రావకాలు రెండే: 100 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 100 మిల్లీలీటర్ల మినరల్ టర్పెంటైన్. మొదటిదాన్ని సెల్‌ఫోన్ రిపేరు వాళ్లు ఐపీఏ అంటారు, ఎలక్ట్రానిక్స్ సామాను షాపుల్లో దొరుకుతుంది. రెండోది ఏ పెయింట్ షాపులో అడిగినా ఇస్తారు. డబ్బా మీద మినరల్ టర్పెంటైన్ ఆయిల్ అని చదివి మరీ తీసుకోండి, తొందరలో థిన్నర్ డబ్బా చేతిలో పెట్టే షాపులున్నాయి. చేతులకి రాసుకునే శానిటైజర్ జెల్ ఐపీఏకి బదులు కాదు. అందులోని గ్లిజరిన్, జిగురు గుంటల్లో చేరి ఇంకో మరక అవుతాయి.

ఎండలో ఉన్న కారు మీద ఈ పని చేయకండి. వేసవిలో నల్ల ప్లాస్టిక్ చేయి ఆనించలేనంతగా కాలుతుంది. దానిమీద ఐపీఏ వేస్తే పెయింట్‌ని మెత్తబరిచే లోపే ఎగిరిపోతుంది. ఉదయం పూటో, నీడలోనో, గాలి ఆడే చోట పెట్టుకోండి. సెల్లార్‌లోనే చేయాలంటే ర్యాంపు దగ్గరికి జరపండి. దగ్గర్లో సిగరెట్ వెలిగించినా, ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జింగ్‌లో ఉన్నా అక్కడ ద్రావకం మూత తీయవద్దు.

ముందుగా ఆ భాగాన్ని షాంపూతో కడిగి మట్టి, ఇసుక పూర్తిగా పోగొట్టండి. ఈ కడుగుడు లేకుండా రుద్దితే ఆ ఇసుకే గీతలు పెడుతుంది. ఆరాక, ప్లాస్టిక్‌కి ఆనుకుని ఉన్న బాడీ పెయింట్ మీద టేప్ రెండు వరుసలు అంటించండి. ఇప్పుడు గోరువెచ్చటి కన్నా కొంచెం ఎక్కువ వేడి ఉన్న నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, పసుపు మీద రెండు నిమిషాలు ఆనించి ఉంచండి. మరిగే నీళ్లు అక్కర్లేదు. తర్వాత ఏటీఎం కార్డు అంచుని బాగా వాలుగా పట్టి, పెయింట్ మందంగా ఉన్న చోట్ల గీకండి. ఈ దశలోనే పెంకుల్లా కొంత ఊడి వస్తుంది. చాలామంది దీన్ని దాటేసి నేరుగా సీసా మూత తీస్తారు. అలా చేస్తే మందంగా ఉన్నదంతా ద్రావకంలో కలిసి బురద అవుతుంది. పొడిగా ఊడేది పొడిగానే ఊడనివ్వాలి.

కార్డుకి అందనిదాని మీద తెల్ల రబ్బరు పెట్టి, కాగితం మీద పెన్సిల్ గీత చెరిపినట్టే చెరపండి. గుంటల్లోకి కొద్దిగా వంగి దిగి, పెయింట్ పొడిని పట్టుకుని వచ్చే గుణం రబ్బరుకి ఉంది. మిట్టల్ని అది కోయదు. రబ్బరు పొట్టుని బ్రష్‌తో దులుపుతూ ఉండండి. పెన్ను గీతలు చెరిపే ఇసుక రబ్బరు మాత్రం వాడకండి. ఇంకో కారుకి రాసుకుని దాని రంగు అంటుకున్న సందర్భాల్లో ఈ కార్డు, రబ్బరు పనే ముప్పాతిక వంతు. ఈనాటి కార్ల పెయింట్ గట్టిపడ్డాక ఐపీఏకి, టర్పెంటైన్‌కి పెద్దగా లొంగదు, దాన్ని ఇలా లేపి తీయడమే దారి.

ఇప్పుడు ఐపీఏ. దూది పుల్ల ముంచి పసుపు మీద ఒక మూల ముప్పై సెకన్లు ఆనించి తిప్పండి. దూదికి పసుపు బాగా అంటితే అది గోడలకి వేసే ఎమల్షన్ రకం. ఆల్కహాల్‌కి అది త్వరగా మెత్తబడుతుంది, టర్పెంటైన్ అవసరమే రాకపోవచ్చు. దూది తెల్లగానే ఉంటే సింథటిక్ ఎనామిల్. పార్కింగ్ పిల్లర్లకి ఎక్కువగా వేసేది ఇదే కాబట్టి మీది కూడా అదే అయ్యుండొచ్చు. ఏదైనా ఐపీఏతో ఒక విడత చేయడం మంచిది, పాత డ్రెస్సింగ్ జిడ్డు అంతా దీనితో పోతుంది, తర్వాతి పనికి అడ్డు తగలదు.

పని చేసే తీరు రెండు ద్రావకాలకీ ఒకటే, అసలు నేర్పంతా ఇక్కడే ఉంది. జానెడున్నర గీతని ఒకేసారి తడపకండి. రెండు వేళ్లంత వెడల్పు చోటు తీసుకోండి. ద్రవాన్ని కారు మీద పోయకుండా గుడ్డ కొసకి నాలుగైదు చుక్కలు వేసి, ఆ కొసని పసుపు మీద అదిమి పట్టండి. ఐపీఏ అయితే ముప్పై సెకన్లు, టర్పెంటైన్ అయితే ఒక నిమిషం. తర్వాత టూత్‌బ్రష్ కొస కొంచెం తడిపి, ఒత్తకుండా చిన్న చిన్న చుట్లుగా పది పదిహేను సార్లు తిప్పండి. గుంటలోంచి పెయింట్ లేచి నురగలా పైకి వస్తుంది. అది లేచిన వెంటనే పొడి గుడ్డని పైనుంచి అద్ది, పైకెత్తండి. అడ్డంగా తుడవకండి, తుడిస్తే పక్క గుంటల్లోకి చేరుతుంది. ప్రతి అద్దుడికీ గుడ్డలో శుభ్రమైన వైపు తిప్పుకోండి. గుడ్డకి పసుపు రావడం ఆగేదాకా ఒకే చోట మూడు నుంచి ఐదు విడతలు పడుతుంది. అప్పుడు పక్క చోటికి వెళ్లండి. పసుపు పట్టిన బ్రష్‌ని మధ్యమధ్యలో సబ్బునీళ్లలో కడిగి, విదిలించి, ఆరనిచ్చి వాడాలి. రెండు బ్రష్‌లు చెప్పింది ఇందుకే.

టర్పెంటైన్ నుంచి అద్భుతాలు ఆశించకండి. పిల్లర్ మీది ఎనామిల్ ఎప్పుడో ఆరి గట్టిపడి ఉంటుంది, టర్పెంటైన్ దాన్ని కరిగించలేదు. ప్లాస్టిక్‌కీ పెయింట్ తునకకీ మధ్య దూరి పట్టు సడలిస్తుంది, మిగిలిన పని బ్రష్‌ది. కొత్తగా రంగు వేసిన పిల్లర్ అయితే సంగతి వేరు, అక్కడ ఒకటి రెండు విడతల్లోనే పోతుంది. ఇది తెలియక, ఎంతకీ కరగడం లేదని ఎక్కువ పోసి నానబెడతారు. టర్పెంటైన్ రెండు నిమిషాలకి మించి ప్లాస్టిక్ మీద నిలవకూడదు. ఎక్కువసేపు ఉంటే అది కూడా లోపలికి ఇంకి ప్లాస్టిక్‌ని కొంత ఉబ్బిస్తుంది. ప్రతి విడత తర్వాత గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు కలిపిన నీళ్లతో కడిగి, ఆరబెట్టి, వెలుతురులో చూసి, అవసరమైతేనే మళ్లీ మొదలుపెట్టండి. తడిగా ఉన్నప్పుడు అంతా నల్లగానే కనిపిస్తుంది, ఆరాకే నిజం తెలుస్తుంది.

తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే ఇంట్లో ఉంటే టర్పెంటైన్‌కి బదులు వాడొచ్చు. అందులోనూ పెట్రోలియం ద్రావకమే ప్రధానం. కాకపోతే నూనె మిగులుస్తుంది, ఆ నూనెకి ప్లాస్టిక్ నల్లగా కనబడి పని అయిపోయిందనిపిస్తుంది. సబ్బుతో బాగా కడిగాక మాత్రమే నిర్ణయానికి రండి. బ్రేక్ డిస్క్ మీద పడకుండా స్ప్రేని గుడ్డ మీదే కొట్టుకోండి.

చివరికి అక్కడక్కడా సూదిమొన అంత పసుపు చుక్కలు మిగులుతాయి. వాటికి పుల్ల కావాలి. పళ్లు కుట్టుకునే చెక్క పుల్ల మొనని టర్పెంటైన్‌లో ముంచి ఒక్కో చుక్కనీ గుచ్చి లేపండి. పిన్ను, బ్లేడు మొన వాడితే గుంట పెద్దదవుతుంది. మ్యాజిక్ స్పాంజ్ పేరుతో అమ్మే తెల్ల మెలమైన్ స్పాంజ్‌తో కూడా పోతాయి కానీ అది నిజానికి చాలా సన్నటి రాపిడి రాయి. బాగా తడిపి, బరువు వేయకుండా ఐదారు సార్లకి మించకుండా, అదీ అన్నీ అయ్యాక మాత్రమే. ఎక్కడైనా మెరుపు మొదలవుతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపేయండి.

ఇదే సందర్భంలో ఇంకో మాట. కాంపౌండ్ గోడకి రాసుకుని సున్నం అంటుకున్నవాళ్లకి ఈ ద్రావకాలేవీ పనిచేయవు. తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డతో రెండు నిమిషాలు ఆనిస్తే సున్నం కరుగుతుంది. తర్వాత ధారాళంగా నీళ్లతో కడగాలి. గీసుకుపోయి ఇనుము బయటపడిన చోటికి వెనిగర్ చేరనివ్వకూడదు.

పాలిష్ మరకల సంగతి. ఆ కుర్రాడు వాడింది బాడీ పెయింట్‌కి పెట్టే పాలిష్. అందులోని మైనం, తెల్లటి రాపిడి పొడి మీ క్లాడింగ్ గుంటల్లో ఆరి గడ్డకట్టాయి. నీళ్లు పోస్తే కనిపించవు, ఆరగానే మళ్లీ తెల్లగా తేలతాయి. మీరు పసుపు మీద ఐపీఏ, టర్పెంటైన్ విడతలు చేస్తుండగానే ఇవీ సగం పోతాయి. టర్పెంటైన్‌కి మైనం కరుగుతుంది, పొడిని బ్రష్ లేపుతుంది. మిగిలిన చోట తెల్ల రబ్బరు మళ్లీ పనికొస్తుంది. ఆఖరున గిన్నెల లిక్విడ్, వేడి నీళ్లు, బ్రష్‌తో మొత్తం ముక్కని ఒకసారి తోమండి. ఇకముందు బాడీకి పాలిష్ పెట్టించేటప్పుడు నల్ల ప్లాస్టిక్ అంచులకి టేప్ వేయమని గట్టిగా చెప్పండి. ఒక్క నిమిషం పని అది, ఎగ్గొడితే గంట పని అవుతుంది.

తెల్ల గీతల దగ్గర నిజం చెప్పాలి: వాటిని తుడవలేం, ఎందుకంటే అక్కడ అంటుకున్నది ఏమీ లేదు. పిల్లర్ ఒరుసుకున్నప్పుడు ప్లాస్టిక్ పై పొర సాగి, నలిగి తెల్లబడింది. గోరు అడ్డంగా పోనివ్వండి. గోరు తట్టకపోతే గాయం పైపైనే ఉన్నట్టు. డ్రెస్సింగ్ పెట్టగానే చాలావరకు కనబడకుండా పోతుంది. గోరు తట్టితే, అంచుల్లో పోగుల్లా లేచిన ప్లాస్టిక్‌ని ముందు గోళ్లు తీసే కట్టర్‌తో మొదలంటా కత్తిరించండి. పట్టి లాగితే గీత ఇంకా పొడుగవుతుంది.

తెల్లబడిన ప్లాస్టిక్‌ని వేడి మళ్లీ నల్లబరుస్తుంది. నలిగిన పొర వేడికి సడలి పూర్వస్థితికి వస్తుంది కాబట్టి ఇది పైపూత కాదు, నిజమైన మరమ్మతు. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ముందు ప్రయత్నించండి. పైపై గీతలకి ఒక్కోసారి అదే సరిపోతుంది. సరిపోకపోతే హీట్ గన్ కావాలి. ఇక్కడ చేయి తిరిగినవాళ్లు ఉంటేనే మంచిది. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, హీట్ గన్ మూతి దగ్గర వేడి అంతకు రెండు మూడు రెట్లు ఉంటుంది. తక్కువ సెట్టింగ్‌లో పెట్టి, జానెడు దూరం నుంచి, ఒక చోట నిలపకుండా అటూ ఇటూ ఊపుతూ ఐదారు సెకన్లు, ఆపి చల్లారనిచ్చి చూసి, మళ్లీ ఐదారు సెకన్లు. తెల్లదనం చూస్తుండగానే నలుపులోకి మాసిపోతుంది. ప్లాస్టిక్ మీద నూనె రాసినట్టు మెరుపు పుట్టిందంటే గరుకు కరగడం మొదలైందని అర్థం. పార్కింగ్ సెన్సర్, స్టిక్కర్, టైరు, బాడీ పెయింట్ వైపు గన్ తిప్పకండి. ఇంకొక్క జాగ్రత్త, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఐపీఏ గానీ టర్పెంటైన్ గానీ వాడిన రోజే వేడి పెట్టవద్దు. కడిగి, ఒక రాత్రంతా ఆరనిచ్చి, తడిసిన గుడ్డలు, సీసాలు అక్కడి నుంచి తీసేశాక మర్నాడు చేయండి. ఆవిరికి నిప్పంటుకుంటే కారే కాదు, సెల్లార్ మొత్తానికి ప్రమాదం.

లోతుగా చెక్కుకుపోయిన గీత వేడికి నల్లబడుతుంది కానీ పూడదు. పుట్టీ పెట్టి, నున్నగా చేసి, నల్ల రంగు కొడతామని షెడ్డుల్లో చెబుతారు. గరుకు ప్లాస్టిక్ మీద అలాంటి అతుకు దూరం నుంచి కూడా తెలిసిపోతుంది, కొన్నాళ్లకి అంచుల నుంచి లేస్తుంది. దానికన్నా గీతనే ఉండనివ్వడం మేలు.

అంతా అయ్యాక మీరు శుభ్రం చేసిన చోటు మిగతా క్లాడింగ్ కన్నా విడిగా కనిపిస్తుంది. చెడిపోయిందని కంగారుపడకండి. అక్కడ పాత డ్రెస్సింగ్, మురికి పోయి అసలు ప్లాస్టిక్ రంగు బయటపడింది, ఎండకి కాస్త పాలిపోయిన రంగు. ఆ ముక్క మొత్తాన్ని గిన్నెల లిక్విడ్‌తో, ఆరాక ఐపీఏతో ఒకసారి తుడిచి సమానం చేయండి. తర్వాత ప్లాస్టిక్ ట్రిమ్ డ్రెస్సింగ్ పెట్టండి. చక్రం మీది ముక్కకి ఐదు నుంచి పది మిల్లీలీటర్లు చాలు. స్పాంజ్‌కి తీసుకుని పల్చగా పరిచి, పావుగంట ఆగి, మిగులు ఉంటే పొడి గుడ్డతో తుడిచేయాలి. తుడవకుండా వదిలేస్తే దుమ్ము పట్టేది ఆ మిగులుకే. నీటి ఆధారిత డ్రెస్సింగ్ కొన్ని కడుగుళ్లకే పోతుంది, అయినా వాడటం తేలిక, హాని లేదు. నెలల తరబడి నిలవాలంటే ట్రిమ్ కోసమే చేసిన సిరామిక్ కోటింగ్ ఉంది. దానికి ఉపరితలం మచ్చ లేకుండా ఉండాలి, వేశాక ఒక రోజు నీళ్లు తగలకూడదు. పసుపు చుక్క మిగిలి ఉండగా కోటింగ్ వేస్తే ఆ చుక్కని కూడా లోపల భద్రం చేసినట్టే, అందుకని ఒక వారం మామూలు డ్రెస్సింగ్‌తో నడిపి, తృప్తిగా ఉంటేనే కోటింగ్ వైపు వెళ్లండి.

కొబ్బరినూనె, బూట్ పాలిష్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ రాయమనే సలహాలు కూడా మీకు వస్తాయి. ఆ పూటకి నల్లగా నిగనిగలాడతాయి, తెల్లారేసరికి దుమ్ము మెత్తుకుంటాయి, వాన పడితే తెల్ల బాడీ మీదికి చారలు కారతాయి. కొన్ని వాటర్ వాష్ షెడ్డుల్లో మెరుపు కోసం డీజిల్ కొడతారు. అది తలుపుల రబ్బరు బీడింగ్‌ని, లోపలి రబ్బరు బుష్‌లని ఉబ్బించి పాడుచేస్తుంది. వద్దని ముందే చెప్పండి.

తలుపుల మధ్య స్తంభం మీదో, గ్రిల్ చుట్టూనో ఉండే నున్నటి, అద్దంలా మెరిసే నల్ల ముక్కలకి ఈ పద్ధతి వర్తించదు. వాటికి గరుకు ఉండదు, టూత్‌బ్రష్ తగిలితేనే సన్న గీతలు పడతాయి. వాటికి బాడీ పెయింట్‌కి చేసినట్టు మెత్తటి గుడ్డ, సన్నరకం పాలిష్‌తో చేయాలి.

ఇక ఇన్సూరెన్స్. మీది మామూలు సమగ్ర పాలసీ అయితే ప్లాస్టిక్ భాగాల ధరలో 50 శాతం తరుగుదల కింద కోసేస్తారు. దానిపైన 1500 సీసీ వరకూ ఉన్న కారుకి 1000 రూపాయలు, అంతకు మించిన ఇంజిన్‌కి 2000 రూపాయలు తప్పనిసరిగా మీరే భరించాలి. జీరో డెప్రిసియేషన్ ఉంటే తరుగుదల కోత తప్పుతుంది కానీ ఈ భారం తప్పదు. క్లెయిమ్ చేస్తే మామూలుగా నో క్లెయిమ్ బోనస్ పోతుంది. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై వరసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతందాకా పెరిగే ఆ ప్రీమియం రాయితీ, ఒక్క క్లాడింగ్ ముక్క కోసం వదులుకునేది కాదు. లెక్క వేసుకోవాలనుకుంటే మీ కారు 17 అక్షరాల చాసిస్ నంబర్ తీసుకుని కంపెనీ విడిభాగాల కౌంటర్‌లో వెనక ఎడమ క్లాడింగ్ ధర అడగండి. క్లిప్పులు, లోపలి టేప్ కొత్తవి కలిపి చెప్పమనండి. పాత క్లిప్పులతో బిగిస్తే కొత్త ముక్క కూడా వదులై కొట్టుకుంటుంది. ఆ మొత్తాన్ని మీ బోనస్ రాయితీ పక్కన పెట్టి చూస్తే నిర్ణయం మీకే తెలుస్తుంది. చాలా సందర్భాల్లో సొంత డబ్బుతో మార్చుకోవడమే చవక.

ముక్క మార్చినా మార్చకపోయినా ఇవాళే ఒక పని చేయండి. ఆ క్లాడింగ్ అంచుని చేత్తో పట్టి, మెల్లగా బయటికి లాగి చూడండి. పిల్లర్ ఒత్తిడికి లోపలి క్లిప్పు విరిగి ఉంటే ఆ అంచు కదులుతుంది, చప్పుడు చేస్తుంది. అలా కదిలే ప్లాస్టిక్ వెనకకి తడి మట్టి చేరి, నడిచిన ప్రతిసారీ బాడీ అంచు పెయింట్‌ని ఒరుస్తుంది. అక్కడ మొదలయ్యే తుప్పు బయటికి కనబడేసరికి చాలా దూరం పోతుంది. కదులుతుంటే పసుపు సంగతి తర్వాత చూడొచ్చు, ముందు క్లిప్పులు మార్పించండి.